చిట్టాయమ్మ గోడదారి

నూకరత్నం అని ఒకావిడ, తునికి ఇవతల గుమ్మడివాడలో ఉండేదంట. మహిళా సంఘానికి లీడరు. బ్యాంకు మేనేజరు కూర్చోమనకపోతే తనే కుర్చీ లాక్కుని కూచునే మనిషి. అలాంటి మనిషికి ఒక్కటే నామోషీ అనుకో. ఏటంటే, ఇంట్లో గోడలు. హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి పెరటి వసారాకి, గోడ పొడుగునా నడుం ఎత్తులో నల్లటి చార. జిడ్డోడుతూ ఉండేదంట. ఆ ఏడు సంఘం మీటింగు వాళ్లింట్లో పెట్టాల్సొచ్చింది. వచ్చినోళ్లలో ఒకత్తి ఆ చార చూసి, ఏటి రత్నం, గేదెల్ని హాల్లోనే కడతన్నారా, అందంట. అందరూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది. నవ్వింది గానీ, వాళ్లు వీధి మలుపు తిరక్కముందే మొగుడు కొండబాబుని పిలిచి, వచ్చే మీటింగులోగా ఈ ఇంటికి లోపల రంగులు పడకపోతే నేను లీడరుగా ఉండను, అంది.

ఆ చార ఎవరిదనుకున్నారు? ఆవిడ అత్తగారు చిట్టాయమ్మది. నీటికాసులొచ్చి చూపు పోయి పన్నెండేళ్లు. పోతే పోయింది, ఎవర్నీ చెయ్యందించమనలేదు ఆ ముసల్ది. హాల్లో మూలనుండే మంచం దిగి, ఎడమ చెయ్యి గోడకానించి, వంటింట్లోకెళ్లి చింతపండు పిసికేది, వసారాలోకెళ్లి తనే నీళ్లు తోడుకుని పోసుకునేది. నన్ను చెయ్యి పట్టుకుని నడిపించే రోజొస్తే ఆ రోజునించి మంచం దిగను, అని ఊరందరితో చెప్పేది. చెప్పిందంటే చేసే రకం. అత్తాకోడళ్లిద్దరూ ఒకే అచ్చు, అందుకే రోజూ వాదన, అందుకే ఒకరంటే ఒకరికి ప్రాణం. కోడలికి ఆ చెయ్యి తెలుసు, ఆ చారా తెలుసు. రెండూ కలిపి చూళ్లేదు. నవ్వకండి, మీ ఇంట్లో ఎవరి చెయ్యి ఎక్కడ ఆనుతుందో మీరు చూశారా?

సరే, ఏమైందంటే, కొండబాబు తునెళ్లి సూరపరాజు అనే కాంట్రాక్టర్ని మాట్లాడుకొచ్చాడు. ఆయన చెప్పులిప్పకుండా గుమ్మంలోనే నిలబడి, కళ్లజోడు తలమీదకి తోసి ఇల్లంతా చూసేశాడంట. పాతది గీకేస్తాం, లప్పం పెడతాం, కాయితం పెట్టి రుద్దుతాం, ఈగ వాలితే జారిపడాలమ్మా, అన్నాడు. ముందు హాలు మొదలెట్టాడు. ఆ నాలుగు రోజులూ చిట్టాయమ్మని పక్క వీధిలో చెల్లెలింట్లో ఉంచారు. అబద్ధమెందుకు, ఆయన అన్నట్టే చేశాడు. గోడ పాలమీగడలా ఉందంట. నూకరత్నం నిలబడి చూసుకుంది, కూచుని చూసుకుంది.

అయిదో రోజు పొద్దున్నే అత్తగారు ఇంటికొచ్చింది. మంచం మీద కాసేపు కూచుని, లేచి, గోడకి చెయ్యానించింది. నాలుగడుగులేసింది. ఆగిపోయింది. చెయ్యి పైకి తడిమింది, కిందికి తడిమింది. ఒసే రత్నం, ఇది ఎవరిల్లే, అందంట. మనిల్లే అత్తా, రంగులేయించాం కదా. మనింటి గోడకి మేకు గుంట ఉంటాదే, ఆ గుంట కాడ తిరిగితే వంటిల్లు, గుంటేదీ? కోడలు జవాబు చెప్పేలోగా ముసల్ది ఇంకో రెండడుగులు వీధి వైపేసింది. కాలు మెట్టు మీంచి గాల్లోకి పోయింది. నూకరత్నం ఒక్క ఉరుకున వెళ్లి చెయ్యి పట్టేసుకుంది. పట్టుకుని, మెల్లిగా తెచ్చి మంచం మీద కూచోబెట్టింది.

చూశారా, చెయ్యి పట్టేసుకుంది. చిట్టాయమ్మ తిట్టినా బాగుండును. తిట్టలేదు. ఆ పూట అన్నానికి లేవలేదు, మర్నాడూ లేవలేదు. కంచం మంచం దగ్గరికే తెచ్చారు, నీళ్లూ అక్కడే. పోనీ మంచంకోడుకీ వంటింటి గుమ్మానికీ తాడు కడతానమ్మా, పట్టుకుని నడుద్దువుగాని, అన్నాడు కొండబాబు. నేనేమన్నా గేదెనట్రా, అందంట. ఆ మాట వినేసరికి నూకరత్నానికి మీటింగులో నవ్వు గుర్తొచ్చింది.

లేచెళ్లి, కాంట్రాక్టరు గారూ, మిగతా గదులు ముట్టుకోకండి, అంది. ఆయనకి కోపమొచ్చింది. గోడలో లోపముంటే చూపించమ్మా. లోపం లేదండి, అదే లోపం. ముసలావిడ ఒక్కతి కోసం ఇల్లంతా గతుకులు పెట్టమంటావా? ఈ ఇంట్లో గోడతో పనున్నది ఆవిడొక్కదానికేనండి, మాకంతా చూడ్డానికే. మీరేమో ఆవిణ్ణి అడక్కుండా గుమ్మంలోంచే కొలిచేశారు, నేనూ అడగలేదు, నాదీ తప్పే. ఆయన నిచ్చెనలెత్తుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు లోవతల్లి వచ్చింది. ఈవిడ సున్నాలేసేవాళ్ల కూతురు, మేస్త్రి. ఆడది నిచ్చెనెక్కడమేటని మొదట్లో నవ్వినోళ్లే ఇప్పుడు ముందుగా చెప్పి పెట్టుకుంటారంట. ఆవిడ పద్ధతేంటంటే, చెప్పులు గుమ్మం బయటిప్పి, రేటు మాట ఎత్తకుండా, ముందు అరచేత్తో ఇల్లంతా తడిమొస్తుంది. ఎక్కడ చెమ్మ, ఎక్కడ బోలు, ఎక్కడ పొడి రాలతంది, అన్నీ చేతికే. హాలు తడిమింది. వంటింట్లోకెళ్లాక ఆ చార మీద చెయ్యేసి, దాని వెంటే వసారా చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి, ఇది ఎవరి చెయ్యక్కా, అంది. నూకరత్నం మేకు గుంట నించి మొదలెట్టి జరిగిందంతా చెప్పిందంట.

లోవతల్లి వెళ్లి మంచం పక్కన కింద కూలబడి, మామ్మా, ఆ హాలు గోడ పోయింది, నీ చేతిలో ఉంటే నాకియ్యి, అంది. ముసల్ది మొహం అటు తిప్పుకుంది. అయినా లోవతల్లి అక్కణ్ణించి కదల్లేదు. మేకు గుంట నాలుగో అడుగులోనా, అయిదో అడుగులోనా, అనడిగింది. నాలుగూ కాదు, అయిదూ కాదు, నాలుగున్నర, ఏం మేస్త్రివే నువ్వు, అందంట చిట్టాయమ్మ, అని మంచం దిగింది. దిగిందర్రా. గోడకి చెయ్యి పెట్టి, ఇక్కడ గుంట, ఇక్కడ బల్లితోక లాంటి బీట, ఇక్కడ తాపీ పని వాడు వదిలేసిన బొడిపె, అది తగిలితే గడపొచ్చినట్టు, అని పన్నెండేళ్ల గోడంతా చెప్పేసింది. చెప్పిన చోటల్లా లోవతల్లి బొగ్గుతో గుర్తు పెట్టింది.

ఏరు ఇసక తెచ్చి పల్చటి గుడ్డలో జల్లించిందంట, మెత్తగా, రవ్వలా. అది రంగులో కలిపి, ముసలావిడ చెయ్యి ఎత్తులో నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ వేసుకుంటూ పోయింది. గడప దగ్గర చింతగింజంత లప్పం ఒకటి, వంటింటికి తిరిగే చోట రెండు. మీద అదే రంగు రెండు పూతలు. కంటికేమీ కనపడదు, పొద్దు వాలి ఎండ ఏటవాలుగా పడితే తప్ప. మిగతా గోడంతా సూరపరాజు గోడ కన్నా నున్నగా, అది కూడా చెప్పుకోవాలి.

రంగు ఆరాక చిట్టాయమ్మ నడిచింది. హాలు దాటింది, వంటిల్లు దాటింది. వసారా మొదట్లో ఆగి, వేలుతో తడిమి, ఇక్కడ మూడు గింజలేటే, ఇది నే చెప్పలేదే, అంది. నువ్వు చెప్పలేదు మామ్మా, అంది లోవతల్లి. మిగతా దారంతా ఒక్క ఎడం చెయ్యి జిడ్డే. ఇక్కడ మాత్రం పాత గోడకి రెండు చేతులూ పడ్డాయి. ఆ కింద ఇటిక మెట్టు ఎత్తు తక్కువ, నీకు తెలీకుండా వచ్చేస్తంది, వచ్చినప్పుడల్లా తూలి రెండు చేతులూ కొట్టుకున్నావు. ముసల్ది గబుక్కుని కోడలున్న వైపు మొహం తిప్పింది. పన్నెండేళ్లు దాచింది కదా, తెలిస్తే చెయ్యి పట్టుకుంటారని. కోడలు విననట్టే ఊరుకుంది. ఈ కథలో నూకరత్నం చేసిన గొప్ప పని అదేనంటాను నేను. చిట్టాయమ్మ కాలితో మెట్టు చూసుకుని, సాఫీగా దిగి, పెరట్లోకెళ్లి నీళ్లు తోడుకుంది.

సంఘం ఆడవాళ్లు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. ఏడు తిరిగేసరికి ఆ చార మళ్లీ పడింది, అదే ఎత్తులో. ఆ గేదెలావిడే మళ్లీ, అయ్యో రత్నం, కొత్త రంగు కదే, అంది. మీ ఇంటి గోడ మీద ఎవరి చెయ్యీ పడలేదేం, అందంట నూకరత్నం, అంతే, టీలు పోసింది. సూరపరాజేమో ఆ ఇంటి హాలు నేనేశానని ఇప్పటికీ తునిలో చెప్పుకుంటాడంట. చెప్పుకోనీండి. నిజమే, ఆయన రంగు అక్కడే ఉంది, లోవతల్లి ఇసక కింద. చిట్టాయమ్మ చేతికైతే మళ్లీ తగల్లేదు.