బంగళా ముందు గరిక

పొలంలో గరిక మొలిస్తే గుండె బాదుకుంటాం. అదే గరిక తిరువూరు సర్కారు బంగళా ముందు మొలిస్తే దానికి లాను అని పేరు పెట్టి, జీతమిచ్చి మనిషిని పెట్టి పెంచుతాం. ఎందుకంటే దాని మీద కూర్చునేది దొరలు. ఆ గరికకి ఇద్దరు తోటమాలులు. కాగితం మీద వీరరాఘవయ్య. నేల మీద జోజమ్మ.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరు, ఆషాఢం. తోటమాలి పోస్టు పర్మనెంటు చేస్తారని కబురొచ్చింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఓవర్సీరు సుందరరావు గారు పేరు రాసి పంపాలి. అందుకే వీరరాఘవయ్య ఆయన్ని చెయ్యి పట్టుకుని హనుమాయమ్మ టీకొట్టుకి తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. వాళ్ళ వెనక గోడ మీద 'మాటలు తక్కువ, పని ఎక్కువ' అన్న సర్కారు పోస్టరు. జోజమ్మ బయట చూరు కింద నిలబడి టీ తాగుతోంది. అందరూ సమానమేనని రోజూ రేడియో చెబుతుంది గానీ ఆ కొట్లో గ్లాసులు మాత్రం రెండు రకాలు.

"నా గొప్ప నేను చెప్పుకోకూడదు సార్," అని మొదలెట్టాడు వీరరాఘవయ్య. "ఏదో చిన్న విషయం. మొన్న రోహిణి కార్తెలో రోళ్ళు పగిలాయా, ఊళ్ళో గడ్డి అనేది మాడి బూడిదయిందా, మన లాను మాత్రం చిలకలా పచ్చగా ఉంది. ఎందుకు? గడ్డిని మొదలంటా కొయ్యనివ్వలా. రెండు వేళ్ళ ఎత్తు ఉంచితే దాని వేళ్ళకి అదే నీడ. బంగళాలో దొరలు స్నానం చేసిన నీళ్ళన్నీ కాలవ తీసి దానికే పెట్టా."

"నువ్వే తీశావా బావా?" అన్నాడు పక్క బల్ల మీద రైతు శాంతయ్య.

"తీశాననుకో, తీయించాననుకో. అడ్డు రాకు. మరి సంచి ఎరువు? ఒక్క గుప్పెడు వేస్తే ఒట్టు! కాస్త చివికిన పేడ, కాస్త వేపపిండి, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పేడ వాసనకి రెండు వానపాములు వచ్చాయి. నేను వాటిని తరమలా, కూర్చోబెట్టి మాట్లాడా. మీరు పని చెయ్యండి, తిండి నేను పెడతానన్నా. తొలకరికల్లా రెండు లక్షలయ్యాయి సార్! నేల మీద చెవి పెడితే గుర్రుగుర్రుమని రైసుమిల్లు ఆడినట్టు చప్పుడు. అలా తవ్వుకుంటూ తవ్వుకుంటూ ఎక్కడ తేలాయనుకున్నారు? గంపలగూడెం అవతల కట్లేట్లో! ఏటి నీళ్ళు భూమిలోంచి నడిచొచ్చి లాను మధ్యలో ఊటయ్యాయి. చేపలు కూడా వచ్చాయి. చిన్నవేలే, అబద్ధమెందుకు!"

"చేపలు చిన్నవేనంటే నేను నమ్ముతా అన్నయ్యా," అంది హనుమాయమ్మ, టీ వడగడుతూ.

"నమ్మాలి మరి. ఇక చలికాలం చూడండి. పుష్యమాసం మంచుకి ఒక్కో గరికపోచ చెంబెడు నీళ్ళు మోసేది. తెల్లారుజామున పంచె పరిచి దొర్లించి పిండితే బంగళా తొట్టి నిండేది. మిగిలింది పారబొయ్యడానికి మనసొప్పక రెండు బళ్ళ మంచునీళ్ళు నెమలి ఊరి తిరునాళ్ళకి తోలించా. తాగిన జనం చొక్కాలు విప్పి దుప్పట్లు కప్పుకున్నారు!"

"కొయ్యడానికి మిషనేమైనా ఉందా అండీ?" అన్నాడు ఓవర్సీరు. నవ్వాలో రాయాలో తెలియక పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"మిషనా! కిరసనాయిలు పొగ నా గరిక మీదా? వినగడప నుంచి పదహారు గొర్రెల్ని తెచ్చా సార్. బారుగా నిలబెట్టి ఈల వేస్తే అడుగు వేసేవి, ఈల వేస్తే కొరికేవి. మంగలి దువ్వెన పెట్టి కత్తిరించినట్టు ఉండేది. వేసిన పెంటే మళ్ళీ ఎరువు. ఒక గొర్రె వరస తప్పితే మిగతా పదిహేనూ దాన్ని వెలేశాయి. క్రమశిక్షణంటే అదీ! ఆ మెత్తదనానికి ఒక పెద్ద ఆఫీసరు కాసేపు నడుం వాల్చి మూడు రోజులు లేవలా. ఫైళ్ళన్నీ ఆయన పక్కలోకే తెచ్చి సంతకాలు పెట్టించారు."

"ఆఫీసర్లకి నిద్రపోడానికి లాను దేనికిలే," అన్నాడు శాంతయ్య. "కుర్చీ చాలు."

కొట్టంతా నవ్వింది. వీరరాఘవయ్య ఆ నవ్వంతా తన ఖాతాలోనే వేసుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గన్నవరం పోవలసిన ఏరోప్లేను! పైనుంచి చూసిన పైలెట్టుకి మన లాను పచ్చరాయి పరిచినట్టు కనబడింది. ఆగలేకపోయాడు. దింపేశాడు! చక్రాల గుర్తు పడిందా? పడలా. గరిక కింద నుంచి స్ప్రింగులా లేపి పట్టుకుంది. వెళ్తూ వెళ్తూ ఆ పైలెట్టు, రాఘవయ్య గారూ ఒక్క పిలక ఇప్పించండని బతిమాలి పట్టుకెళ్ళాడు. ఇవాళ ఢిల్లీలో పార్లమెంటు ముందున్న గడ్డి అంతా ఎవరనుకున్నారు సార్? నా గరిక పిల్లే!"

శాంతయ్య ఈల వేశాడు. హనుమాయమ్మ ఇంకో టీ పెట్టింది. అందరూ హాయిగా నమ్మేశారు. ఓవర్సీరు కాగితం బల్ల మీద పరిచి, "పేరు వీరరాఘవయ్యేనా అండీ, పూర్తి పేరు చెప్పండి," అన్నాడు.

"అయ్యా," అంది జోజమ్మ, చూరు కింద నుంచే. "ఒక్క మాట."

"నీకేం కావాలే మధ్యలో?" అన్నాడు వీరరాఘవయ్య.

"ఏం లేదయ్యా. తొలకరికి లానంతా తుంగ లేచింది కదా. దాన్నేం చేశారు?"

"తుంగా!" వీరరాఘవయ్య మీసం దువ్వాడు. "అదో లెక్కా! కొడవలి తీశా, సర్రున కోసి పారేశా. ఆనాటి నుంచి ఈనాటి దాకా తలెత్తితే ఒట్టు!"

శాంతయ్యకి టీ పొలమారింది. హనుమాయమ్మ గరిట పట్టుకున్న చెయ్యి అలాగే నిలిపేసింది.

"ఏంటీ," అందామె. "కోస్తే చచ్చిందా తుంగ?"

"అంటే... నా కొడవలి..."

ఓవర్సీరు పెన్ను పక్కన పెట్టాడు. "మాదీ రైతు ఇల్లేనండీ. తుంగగడ్డలు తవ్వీ తవ్వీ నా చిన్నతనమంతా గోళ్ళు అరిగాయి." చూరు వైపు తిరిగాడు. "నువ్వేం చేశావమ్మా?"

"ఏముందండీ. వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉండగా గునపంతో గడ్డతో సహా తీస్తాను. తెగకూడదు. ఒక గడ్డ మిగిలితే పది లేస్తాయి. మూడేళ్ళుగా తీస్తున్నా."

"పోయిందా?"

"ఎక్కడండీ. ఇంకా ఉంది."

అంతసేపట్లో ఆ కొట్లో వినబడ్డ మొదటి నిజం అదే. ఓవర్సీరు లేచి బయటికొచ్చాడు. కాగితం చూరు గుంజకి ఆనించి, "ఇంటిపేరేంటమ్మా?" అని అడిగాడు.

"చింతపల్లి అండి," అంది జోజమ్మ. గొంతు కాస్త పెద్దదే అయింది. "చింతపల్లి జోజమ్మ."

"సార్, సార్! అది వేరే రకం తుంగ..." అని వీరరాఘవయ్య బల్ల మీద నుంచి లేవబోయాడు. శాంతయ్య అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"ఊరుకో బావా. ఏరోప్లేన్ని దింపావు, నోరెత్తామా? రైతు పుటక పుట్టి తుంగ మీద అబద్ధమాడితే మాత్రం పుట్టగతులుండవు."