మేయరు పెళ్ళాం కుర్చీ

ఆ కుర్చీలో కూర్చున్నావంటే దాని సంగతి వినాల్సిందేనే పిల్లా. ఎవరిదా? మేయరుది. కాదు కాదు, మేయరు పెళ్ళాంది. అసలు దోన్యా లెయోకాదియా గారి మందులకొట్టుది. మాద్రిద్‌లో చదివొచ్చిందావిడ, మా ఊళ్ళో కొట్టు నడిపిన మొదటి ఆడమనిషి. మాద్రిద్ క్లాసులో మగపిల్లల మధ్య కూర్చోకూడదని పంతులుగారి పక్కన విడిగా కుర్చీ వేశారట, చోద్యం! ఏం చెబుతున్నాను? ఆ, వెనకగది. మందులకొట్టు వెనకగదంటే ఊరికి రచ్చబండ లాంటిదే. పొద్దుగూకితే మేయరూ, చర్చి ఫాదరూ, పశువుల డాక్టరూ అక్కడ బల్ల చుట్టూ చేరి, కింద కుంపటి పెట్టుకుని ఒకటే కబుర్లు. వాళ్ళు కూర్చునే కొట్టే మంచి కొట్టని జనం నమ్మకం. అంతకుముందు కొట్టు నడిపిన ముసలి దోన్ ఇహీనియో పోయి ఈవిడ వచ్చిందో లేదో, మేయరు మూతి ముడిచాడు. "పెళ్ళికాని పిల్ల వెనకగదిలో మనకేం పనయ్యా, పరువుండొద్దూ?" అని అందర్నీ సారాకొట్టుకి లాక్కుపోయాడు. పరువు సారాకొట్టులో అమ్ముతారు కాబోలు! వాళ్ళ వెనకే జనమూ పోయారు. చిన్న దగ్గుకీ కంచరగాడిదెక్కి పక్కూరే. ఇంకో నెల అలాగే సాగితే ఆవిడ తాళం వేసుకోవాల్సిందే.

అయినా రోజూ కుంపటి రాజేసి, ఖాళీ కుర్చీలు వేసి ఉంచేది, పిచ్చితల్లి. ఒకరోజు మా తమ్ముడికి ఊపిరాడలేదు. చూస్తే కొండ కనుమంతా మంచు, పక్కూరికి దారి లేదు. మా అమ్మ గతిలేక వాణ్ణి చంకనేసుకుని పరిగెత్తింది. "కుంపటి దగ్గర కూర్చుని ఆవిరి పట్టించమ్మా" అందావిడ. "అయ్యో, అయ్యగార్ల కుర్చీలండీ!" "కుర్చీకేమన్నా మీసాలున్నాయా? కూర్చో." కూర్చుంది. పెళ్ళయ్యాక ఇంకోళ్ళింట్లో కూర్చోమనిపించుకోవడం అదే మొదలని మా అమ్మ చచ్చేదాకా చెప్పుకునేది. వాడు తేరుకున్నాడు. మర్నాడు బట్టలుతికే చోట ఇదే మాట. ఇంకేముంది, రోజుకొకత్తె అల్లికలు పట్టుకుని చేరింది. మగాళ్ళకి సారాకొట్టుంది, మాకేముందే, చర్చి తప్ప? ఒంట్లో బాధ సిగ్గుపడకుండా అడగడానికి ఒక చోటు దొరికింది.

ఆఖరికి మేయరుకే దగ్గు పట్టుకుంది. మెడకి గుడ్డ చుట్టుకుని, పాత అలవాటున సరాసరి వెనకగదిలోకొచ్చాడు. తన కుర్చీలో తన పెళ్ళాం! అందరి సూదులూ ఆగిపోయాయి. మేయరు పెళ్ళాం లేచిందంటే మేమందరం లేవాల్సిందే, ఆ గది మళ్ళీ వాళ్ళదే. ఆవిడ తలెత్తకుండా, "తలుపెయ్యండి, చలొస్తోంది. నా తర్వాత మీరు" అంది.

తలుపేశాడు. టోపీ తీశాడు. అప్పటిదాకా 'ఆ పిల్ల, ఆ పిల్ల' అన్న నోరేనే అదీ. "దోన్యా లెయోకాదియా గారూ, నా దగ్గుకేమన్నా ఇస్తారా?" అన్నాడు నిలబడే...

ఆ శనగల కుండ చూడవే, అడుగంటుతున్నట్టుంది.