ముట్టరాని మందు

సంగారెడ్డి అవతల నీలకంఠం వైద్యుని వసారా. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో పనిచేసే యాదన్న, రొమ్ముగడ్డకు రాసే లేపనం అయిపోయిందని భార్య మాణెమ్మను తీసుకొని మళ్ళీ వచ్చాడు.

“లేపనం ఇయ్య యాదన్నా. ఇగ ఇయ్య.”

“ఏమైంది సారూ? పోయినసారి ఇచ్చిన్రు గద.”

“పోయినసారి చంకల గడ్డ లేకుండె. ఇప్పుడున్నది.”

“అది చిన్నదే. జెర గట్టి మందు ఇయ్యుండ్రి.”

“చెప్పేది ఇను. వేలు పెడితే కదిలేది గ్రంథి. కదలకుండ, పండకుండ, లోపల్లోపల పెరిగేది అర్బుదం. దాని పక్కకు ఇంకోటి పుట్టిందంటే అసాధ్యమంటది మా శాస్త్రం.”

“దవాఖానోళ్లు క్యాన్సర్ అన్నరు.”

“వాళ్లు ముక్క తీసి మైక్రోస్కోప్ కింద సూసిన్రు. నేను వేలు పెట్టి సూసిన. వాళ్లకు కనబడ్డంత నాకు కనబడదు. వాళ్లు కోస్తమంటే కోపిచ్చుండ్రి.”

“కోస్తే పాకుతదంటరు గద.”

“ఎవరంటరు? మా శాస్త్రమే కొయ్యమన్నది. జెరంత మిగిలినా మళ్ల రాజుకుంటదన్నది.”

“కోతొక్కటే అయితే ఒప్పుకుందును సారూ. కోసినంక ఆ కీమో మందు ఎక్కిస్తరట.”

“ఎక్కిస్తరు.”

“ఆ మందు పౌడర్ మా ప్లాంట్లనే తయారైతది. గ్లౌజుల మీద గ్లౌజులు, మూతికి గాలిపైపు, ఒంటినిండ సూటు. చిటికెడు మీద పడితే షవర్ కింద నిలబెడ్తరు. గసోంటిది ఈమె నరంల ఎట్ల పోయమంట?”

“నల్లజీడి గింజ ముట్టుకుంటే నాకు బొబ్బలొస్తయి. శుద్ధి చేసి, కొలిచి మందుకు వాడ్త. రోగం లేనోనికి విషమే యాదన్నా. ఈమెకు రోగమున్నది.”

“ఏమో సారూ. నాకు మనసొప్పుతలేదు.”

“మొదటిసారి వచ్చిననాడే చెప్పిన. లేపనం నొప్పికే, దవాఖాన ఇడువద్దని.”

“ఎవలకు చెప్పిన్రు?”

“నువ్వు బయట ఫోన్ మాట్లాడుతుంటివి. మాణెమ్మకు చెప్పిన.”

“ఏందే? సారు చెప్పిండా?”

“చెప్పిండు.”

“మరి నాకు చెప్పలే.”

“చెప్పలే.”

“ఎందుకు చెప్పలే? పాణం మీదికొచ్చింది గదనే. మందుకు భయపడ్డవా?”

“మందుకు గాదు. డ్యూటీ నుంచి వచ్చి తానం జేసినంక గూడ నన్ను ముట్టుకుంటలేవు, పౌడర్ అంటుతదని. అదే నా నెత్తుట్ల ఉంటే, ఇగ నా పక్కకు వస్తవా?”