పురిటింటికొచ్చిన డెత్

ఇంగ్లండులోని సఫోక్ పల్లెల్లో ఒకటి. గారడ్‌ల కోడలు ఆలివ్ లోపలి గదిలో నొప్పులు పడుతోంది. కొత్తగా వచ్చిన మంత్రసాని నర్సు సైకిలు గోడకానించి గుమ్మం ముందు నిలబడింది. అత్తగారు కెజయా తలుపు సగమే తీసింది.

"ఏదీ, నీ పేరు మళ్లీ చెప్పు."

"విన్నారుగా అమ్మా. విన్నీ డెత్."

"చావు! పురుడు పొయ్యడానికి చావుని పంపించారా?"

"అది మా ఇంటిపేరండీ. పాత నర్సుకి కాలు విరిగింది, అందుకని నేనొచ్చాను. నొప్పులెప్పుడు మొదలయ్యాయి?"

"తెల్లారుతుంటే. ఆ పేరు పెట్టుకుని బాలింతల ఇళ్లకెలా తిరుగుతున్నావమ్మాయ్? మార్చుకోకూడదూ?"

"మా పెదనాన్న మార్చుకున్నాడు. పేరుని 'డి ఆత్' అని మధ్యకి విరిచి రాసుకుని, మేం సముద్రం అవతల ఆత్ అనే ఊరి దొరలం అంటాడు. అంత దొరలమైతే మా తాత పందులెందుకు మేపాడో మరి. కాస్త తప్పుకుంటారా?"

"మీ నాన్నేమంటాడు?"

"వెనకటికి చర్చి ముందు నాటకాలాడేవాళ్లట. అందులో చావు వేషం కట్టినాయనకి వేషం పోయినా పేరు పోలేదంటాడు. అమ్మా, దారి—"

"రెండూ కాదు."

"ఏంటీ?"

"చితుకులు. పొయ్యి రాజేసుకునే చితుకుల్ని కూడా పాతకాలంలో ఆ మాటే అనేవాళ్లు. అడవిలో చితుకులేరి అమ్ముకునేవాళ్లు మీవాళ్లు. చావుకీ దానికీ సంబంధం లేదు."

"మీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పార్లే."

"అత్తయ్యా... ఎవరొచ్చారు?"

"ఎవరూ లేరే, పడుకో."

"ఆలివ్, నేనమ్మా, నర్సుని! విన్నారా ఆ గొంతు? ఇంక ఆగేలా లేదు. సంబంధం లేదని మీరే అంటిరి. మరి గుమ్మానికడ్డమెందుకు?"

"సంబంధం లేదనే చెప్పారు. చెప్పినాయన మాత్రం నమ్మాడా..."

"అత్తయ్యా!"

"సరే, రా. బూట్లు తుడుచుకో. నీళ్లు కాగుతున్నాయి."

పొద్దు వాలేసరికి పురుడొచ్చింది.

"మగపిల్లాడండీ. ఆ ఏడుపు వినండి, ఊరంతా లేచేలా ఉంది. అక్కడే నిలబడ్డారేం? రండి, ఎత్తుకోండి."

"వాళ్లమ్మకియ్యి."

"ఆవిడకింకా నేను చెయ్యాల్సింది ఉంది. కాసేపు పట్టుకోండి."

"వద్దు."

"అత్తయ్యా, వాడికి చలేస్తుందేమో. పట్టుకోండి."

"దుప్పటి చుట్టి బల్ల మీద పడుకోబెట్టమను."

"మనవణ్ణి బల్ల మీదా? నా చేతుల్లోంచి తీసుకోవాలనా మీ బాధ? ఇంకా నా పేరేనా?"

"నీ పేరుతో నాకేం పని పిచ్చిదానా. నలుగుర్ని కన్నాను. ముగ్గుర్ని ఈ చేతుల్తోనే ఎత్తుకున్నాను. ముగ్గురూ నెల తిరక్కుండా పోయారు."

"అయ్యో... మరి పెర్సీ?"

"నీ మొగుణ్ణి నేను ముట్టుకోలేదు ఆలివ్. నడక వచ్చేదాకా మా అత్తే ఎత్తుకుంది. వాడొక్కడే దక్కాడు."

"అందుకు మీరేం చేస్తారమ్మా? పసిపిల్లలు పోవడం..."

"పెళ్లితో ఆ పేరు వదిలిందనుకున్నాను. నా పుట్టింటివాళ్లూ డెత్‌లే."