మిగిలిపోయిన మార్పు

ఉత్తర ఫ్రాన్సు రేవు పట్టణంలో సీజను చివరి మ్యాచ్ ఒకటి–సున్నాతో గెలిచి, ఫుట్‌బాల్ క్లబ్బు రెండో డివిజన్‌లో నిలబడింది. బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరే మిగిలారు: ఇవాళ్టితో ఆట మానేస్తున్న ముప్పై ఏడేళ్ళ డిఫెండరు, జెర్సీలు పోగుచేస్తున్న ముసలాయన.

"నీ జెర్సీకి మట్టి కూడా అంటలేదు నాయనా. నాకు ఉతుకుడు తప్పించావు."

"పదిహేడేళ్ళు గోలు ముందు కాపలా కాశాను పెద్దాయనా. ఇవాళ బెంచీ కాశాను."

"చివరి మ్యాచ్ ఆడేవాణ్ణి ఆఖరి ఐదు నిమిషాలైనా దింపుతారు, జనం లేచి చప్పట్లు కొడతారు. అది మన ఆనవాయితీ కదా."

"చివర్లో కోచ్ పిలిస్తే ట్రాక్‌సూట్ విప్పి గీత దగ్గర నిలబడ్డాను. కుదరదని రిఫరీ వేలు ఊపాడు. ఐదుగురిని మార్చుకోవచ్చు గానీ, ఆట ఆపి మార్చేది మూడుసార్లే. ఆ మూడూ అప్పటికే వాడేశాం. మార్చడానికి మనిషున్నాడు, మార్గం లేదు."

"కోచ్‌కి ఆ లెక్క తెలీదా?"

"మరిచిపోయాడు. నేను మరవలేదు."

"మరి మూడోసారి ఆపినప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"గుర్తుచేస్తే అప్పుడే నన్ను దింపేవాడు. ఇంకా ఇరవై నిమిషాల ఆట ఉంది. అవతలి జట్టులో ఆ ఇరవై ఏళ్ళవాడు నన్ను దాటి దూసుకుపోయేవాడు. ఒక్క గోలు పడినా మనం మూడో డివిజన్‌కి పోయేవాళ్ళం. నా మోకాళ్ళ సంగతి నాకు తెలీదా?"

"ఆ మాటేదో కోచ్‌తో చెప్పు. నీకు అన్యాయం చేశానని బయట మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు."

"ఏడవనీ. పదిహేడేళ్ళలో పదకొండుమంది కోచ్‌లు మారారు. నా కోసం ఒకడు ఏడవడం ఇదే మొదటిసారి."