బుద్ధుడికి బొట్టు

జెర్సీ సిటీ, 1984. కూతురు స్కూల్ పోస్టర్ మీద గీసిన బుద్ధుడికి తల్లి కుంకుమ బొట్టు పెట్టింది.

“అమ్మా, ఎందుకు పెట్టావ్? రేపు క్లాస్‌లో చూపించాలి!”

“దేవుడి నుదురు బోసిగా ఉంటే ఏం బాగుంటుంది?”

“ఆయన తను దేవుణ్ణని చెప్పలేదు. బాధ ఎందుకొస్తుందో, ఎలా పోతుందో చెప్పాడు. ఆ మాటలే మాంక్‌లు నడిచి చైనాకి, షిప్స్‌లో కంబోడియాకి తీసుకెళ్లారు.”

“మనకి మాత్రం ఆయన విష్ణుమూర్తి అవతారం.”

“మా క్లాస్‌లో సోఫల్ వాళ్లకి కాదు. వాళ్లు కంబోడియా నుంచి పారిపోయి వస్తూ చిన్న బుద్ధుడి బొమ్మ ఒక్కటే తెచ్చుకున్నారు. తన ముందు నేను బుద్ధుణ్ణి తప్పుగా చూపించను. మళ్లీ గీస్తా.”

“ఇంత పోస్టరూ మళ్లీనా?”

“మొత్తం మళ్లీ.”

“సరే, గియ్యి. అది మాత్రం చెత్తలో వెయ్యకు, ఇలా ఇవ్వు. బొట్టు పెట్టాక పారెయ్యకూడదు.”