గంగులమ్మ కట్టిన ఊపిరి

ఉప్పుబావి వైపు ఎవరు వెళ్ళార్రా ఇవాళ? నువ్వా? పైగా నవ్వుతున్నావా? కూర్చో. అందరూ కూర్చోండి. ఆ నీళ్ళు ఎందుకంత ఉప్పనో మీకెవరికైనా తెలుసా? మీ తాతలు చెప్పి ఉండరులే, ఏ మొహం పెట్టుకుని చెప్తారు?

గంగులమ్మ అని మా పెద్దమ్మ, మా అమ్మకి సొంత అక్క, మగ్గం నేసేది. ఉబ్బసంతో మంచాన పడితే ఎవరో బైరాగి వచ్చి ఊపిరి కట్టడం నేర్పాడు, ఇక అది పట్టుకుంది చూడండీ, ఇడ, పింగళ అంటారే, ఎడమ ముక్కులో నడిచే గాలి, కుడి ముక్కులో నడిచే గాలి, ఆ రెంటినీ కలిపి వెన్నులోంచి పైకెక్కించి నడినెత్తిన నిలబెట్టేది, అప్పుడు కాళ్ళూ చేతులూ చల్లబడిపోయేవి, ముక్కు దగ్గర దూది పెట్టినా కదిలేది కాదు, మాడు మాత్రం వెచ్చగా ఉండేది. ప్రాణం అక్కడుందన్నమాట. నన్నెవరూ కదపకండే, పీల్చిన ఊపిరి నేనే దించుకుని వదుల్తాను అని మా అమ్మకి చెప్పి మరీ కూర్చునేది.

ఊరికి ఇదంతా తెలియదా? తెలియకేం! రోజూ భజనమఠంలో తాళాలు వాయించుకుంటూ పాడేవి ఈ తత్వాలే.

ఇంతలో పక్కూళ్ళో ఎవరో సాధువు సమాధికి తిరనాళ్ళు మొదలయ్యాయి, రంగులరాట్నం కూడా వచ్చింది, అది చూసి మనూరి పెద్ద సిద్ధవీరయ్యకి కడుపు మండిపోయింది. సరిగ్గా అప్పుడే ఓ మధ్యాహ్నం మా అమ్మ నూలు తేవడానికి ఏరు దాటి వెళ్తే, గంగులమ్మ మగ్గం గుంటలో కూర్చుని ఊపిరి కట్టిందట, ఎవరో చూసి ప్రాణం పోయిందన్నారట, సిద్ధవీరయ్య పరిగెత్తుకొచ్చి మాడు మీద వెన్నముద్ద పెట్టించాడట. ప్రాణం ఉందో లేదో చూడ్డానికి పెట్టేదే అది! వెన్న కరిగి చెవుల మీదుగా కారింది. కారితే ఏమనాలి? బతికుందనాలి కదా? మహిమ అన్నారు! హరహరా అని దణ్ణాలు పెట్టి, ఆ బావి పక్కనే గొయ్యి తీసి, పోయినవాళ్ళని పూడ్చే మా వాళ్ళ పద్ధతే కదా, కూర్చోబెట్టి చుట్టూ ఉప్పు పోశారు. ఆ ఉప్పే తర్వాత బావిలోకి దిగింది.

మా అమ్మ వచ్చేసరికి ఉప్పు గడ్డం దాకా వచ్చేసింది. అక్క రెప్పలు కదుల్తున్నాయిరా దుర్మార్గుల్లారా అని అరిచిందట, గోతిలోకి దూకబోయిందట, ఆడవాళ్ళే పట్టుకుని వెనక్కి లాగారట. జీవుడు పరమాత్మలో కలిసేటప్పుడు రెప్పలు అట్లాగే అదురుతాయని చెప్పి సిద్ధవీరయ్య ఇంకో బుట్ట గుమ్మరించాడట. తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. గుడి కావాల్సొచ్చిందట, గుడి! మనిషి అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత ఓ సాయంత్రం సిద్ధవీరయ్య సమాధి మీద దీపం పెట్టబోయాడు. ఆకు కూడా కదలట్లేదు, దీపం మాత్రం ఆరిపోయింది. ఇంటికొచ్చాడు, ఊపిరి వదుల్తున్నాడు, వదుల్తూనే ఉన్నాడు, మళ్ళీ పీల్చుకోడానికి సందు దొరకట్లేదు, ఈయనకి అంత ఊపిరి ఎక్కడిదని అందరూ నోరెళ్ళబెట్టి చూస్తున్నారు, పెళ్ళాం మంచినీళ్ళు తెచ్చేలోపు గుడ్లు తేలేశాడు. ఇక మనూరికి తిరనాళ్ళూ లేవు, రంగులరాట్నమూ లేదు.

అందుకని ఆ వైపు పోవద్దు. మా పెద్దమ్మ మంచిదే, ఎవర్నీ ఏమీ అనదు. కట్టిన ఊపిరి ఇంకా మిగిలే ఉంది, వదలడానికి ఆవిడకి ముక్కు లేదు. మీకుంది.